రైఫిల్ కట్టె: డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ ఆపాలి

మే నెల, మహారాష్ట్రలోని బల్లార్షా. రేకుల షెడ్డులో మా అమ్మాయి పది మీటర్ల దూరంలోని అట్టకు గురిపెట్టి కొడుతోంది. ఫిబ్రవరిలో రూపాయి బిళ్ళ కింద దాగిన గ్రూప్, అంటే అట్ట మీద గుళ్ళు పడ్డ గుంపు, ఇప్పుడు అరచేయంత అయింది. "బాపూ, నేనే సరిగా కొడ్తలేనా?" అని అడిగింది. రైఫిల్ అందుకుని, దాని లోహాన్ని కొయ్యకు బిగించే కింది స్క్రూ మీద వేలు పెట్టాను. స్క్రూడ్రైవర్ అక్కర్లేకుండా వేలితోనే తిరిగింది.

ఆరు నెలల ముందే ఆ రైఫిల్‌కు టేకుతో కొత్త స్టాక్, అంటే లోహపు భాగం కూర్చునే కొయ్య ఒళ్ళు, చేయించాను. మా వైపు దాన్ని కట్టె అనే అంటాం, ఇక్కడా అలాగే రాస్తాను. తేనె రంగు, అద్దంలాంటి పాలిష్. చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు. లోపల కట్టె పచ్చిదని ఎవరికీ తెలియలేదు, డబ్బిచ్చిన నాకు కూడా. చంద్రపూర్ జిల్లా ఎండకు అది కుంచించుకుపోయింది. స్క్రూ ఎంత బిగించామో అంతే ఉంది, దాని కింద కట్టే పలచబడింది.

ఆ తర్వాత రెండేళ్ళు ఈ విషయం వెంటపడ్డాను. బల్లార్షా, రాజురా, ఆలపల్లి, సిరొంచ వైపు మనవాళ్ళ పిల్లలు ఎయిర్ రైఫిల్ పట్టడం చూస్తున్నాను. అమ్మానాన్నలు అడిగే ప్రశ్న ఒకటే: "కంపెనీ కట్టె ఉంచాలా, చేయించాలా? చేయిస్తే టేకా, అక్రోటా? లేకపోతే ఆ అల్యూమినియందా?" వాళ్ళకు ఫోన్‌లో చెప్పి చెప్పి అలసిపోయి ఇది రాస్తున్నాను.

ముందు చట్టం సంగతి

ఈ వ్యాసమంతా 10 మీటర్ల పోటీల ఎయిర్ రైఫిల్ గురించి. 2016 ఆయుధ నియమాల ప్రకారం బోరు 4.5 మి.మీ., శక్తి 20 జౌళ్ళు మించని ఎయిర్ రైఫిల్‌కు లైసెన్స్ అక్కర్లేదు. అయినా బిల్లు పెట్టెలోనే ఉంచుకోండి. గడ్చిరోలి పోలీసు నాకాల దగ్గర పొడుగాటి సంచి కనబడితే ఆపకుండా ఉండరు. పోటీకి వెళ్తుంటే ఎంట్రీ కాగితం కూడా చేతిలో ఉంటే పని తేలిక.

మందుగుండు తుపాకి సంగతి వేరు. పంట కాపలాకు లైసెన్స్ మీద పన్నెండు బోరు ఉన్న రైతులు మన వైపు ఉన్నారు. దాని కట్టె పగిలితే ఊళ్ళో వడ్లాయనకు ఇవ్వకండి. ఆయుధాల చట్టంలో 'ఆయుధం' అంటే దాని భాగాలు కూడా. మరమ్మతు చేసేవాడికి కూడా లైసెన్స్ ఉండాలి. మీ తుపాకి ఆయన ఇంట్లో రెండు వారాలు పడి ఉంటే ఇద్దరికీ చిక్కే.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

షాపులో గానీ వడ్రంగి దగ్గర గానీ అందరం ముందు చూసేది రంగు, గీతలు, మెరుపు. నేనూ అదే చేశాను. అవి చివరగా చూడాలి. వరస ఇదీ.

మొదటిది, కట్టె ఆరిందా లేదా. నీడలో గాలికి ఆరడానికి అంగుళం మందానికి ఏడాది అన్నది పాతవాళ్ళ లెక్క. రైఫిల్ కట్టెకు రెండుంపావు అంగుళాల పలక కావాలి, అంటే రెండేళ్ళ పైమాట. అమ్మేవాడు "ఆరింది సార్" అంటాడు, అనక ఏం చేస్తాడు. నమ్మడానికి ఒక తేలిక దారి ఉంది. పలకను కిరాణా కొట్టు కాటా మీద పెట్టి తూచండి. బరువు, తేదీ పెన్సిల్‌తో కట్టె మీదే రాయండి. ప్రతి ఆదివారం మళ్ళీ తూచండి. వరసగా నాలుగు వారాలు బరువు తగ్గకపోతే ఆ కట్టె మన గాలికి అలవాటు పడినట్టే. ఇది మాత్రం వానల్లో చేయకండి, జులై బరువు మోసం చేస్తుంది.

ఏ జాతి కట్టె అన్నదీ ఇక్కడే తేడా చూపిస్తుంది. పచ్చి కట్టె పూర్తిగా ఆరేసరికి నారకు, అంటే కట్టె పోగులకు, అడ్డంగా తగ్గే తీరు చూస్తే బీచ్ అనే విదేశీ కట్టె 11 శాతం దాటుతుంది, అక్రోటు 7 దాటుతుంది, టేకు 5 చిల్లర. అంటే ఒళ్ళు కుదురుగా ఉంచుకోవడంలో మన టేకు అక్రోటు కంటే మెరుగు. నా మొదటి కట్టె పాడైంది టేకు తప్పు వల్ల కాదు, తొందర వల్ల.

రెండోది నార. రైఫిల్ కట్టెలో అన్నిటికంటే బలహీనమైన చోటు చేయి పట్టే మెడ. అక్కడ నార గీతలు మెడ వెంబడే సాగాలి. గీతలు అడ్డంగా తెగిపోతుంటే ఒక్కసారి కింద పడగానే విరుగుతుంది. పలక మీద అట్ట మూస పెట్టి మెడ ఎక్కడ వస్తుందో గీసుకుని, అప్పుడు నార చూడండి. కణుపు మడమ దగ్గర, అంటే భుజానికి ఆనే వెనక చివర, ఉంటే అందం, మెడ దగ్గర ఉంటే చేటు.

మూడోది గాడి. లోహపు భాగం కూర్చోవడానికి కట్టెలో తవ్వే పల్లం. చేతిపని విలువంతా ఇక్కడే ఉంది, ఫొటోలో మాత్రం కనబడదు. మంచి పనివాడు లోహానికి దీపం మసి పూసి గాడిలో దించి, పైకి తీస్తాడు. మసి అంటిన చోట మాత్రమే ఉలితో గోరంత చెక్కుతాడు. మళ్ళీ మసి, మళ్ళీ దించడం. ఇలా యాభైసార్లు. మసి అన్ని చోట్లా సమానంగా అంటినప్పుడు ఆపుతాడు. ఓపిక లేనివాడు గాడిని వదులుగా తవ్వి, సందుల్లో రంపపు పొట్టు, ఫెవికాల్ కుక్కుతాడు. మొదటిసారి మాకు జరిగింది అదే.

మన దగ్గర ఎక్కువగా ఉన్నవి స్ప్రింగ్ రైఫిళ్ళు. వీటికి గాడి ఇంకా ముఖ్యం. పిస్టన్ ముందుకు దూకేటప్పుడు రైఫిల్ వెనక్కి తంతుంది, పిస్టన్ చివర ఆగగానే ముందుకు తంతుంది. ఒక్కో గుండుకు రెండు కుదుపులు. రోజూ వంద గుళ్ళు కొడితే ఆ స్క్రూల గతి ఊహించుకోండి. గాలి సిలిండర్ ఉండే పీసీపీ రైఫిళ్ళలో ఈ బాధ చాలా తక్కువ.

నాలుగోది ఒంటి కొలత. మోచేయి లంబకోణంలో మడిచి, మడత నుంచి చూపుడువేలి మొదటి కణుపు దాకా టేపు పెట్టండి. మడమ నుంచి ట్రిగ్గర్ దాకా ఉండాల్సిన దూరం సుమారుగా అంతే. మా అమ్మాయికి పన్నెండేళ్ళప్పుడు పదకొండున్నర అంగుళాలు వచ్చింది, పద్నాలుగు నిండేసరికి పదమూడు. రెండేళ్ళలో అంగుళంన్నర! ఈ ఒక్క లెక్క చాలు, పిల్లలకు ఖరీదైన కట్టె ఎందుకు చేయించకూడదో చెప్పడానికి. చెంప ఎత్తుకు ఇంకో పరీక్ష ఉంది. కళ్ళు మూసుకుని రైఫిల్ భుజానికి ఎత్తమనండి, చెంప ఆనించి కుదురుకున్నాక కళ్ళు తెరవమనండి. వెనక సైట్ కంటికి ఎదురుగా ఉండాలి. మెడ వంచో, తల లేపో వెతుక్కుంటే కట్టె ఆ ఒంటిది కాదు.

బరువు ఐదోది. అంతర్జాతీయ నియమాల్లో ఎయిర్ రైఫిల్ 5.5 కిలోలు దాటకూడదు. పదకొండేళ్ళ పిల్ల చేతికి అందులో సగమే ఎక్కువ. 60 గుళ్ళు, 75 నిమిషాలు నిలబడి కొట్టాలి మరి.

ఒక్కొక్కటిగా

*కంపెనీ బీచ్ కట్టె.* మామూలు ఎయిర్ రైఫిళ్ళ మీద వచ్చేది. చాలాసార్లు అక్రోటులా కనబడాలని ముదురు రంగు వేస్తారు. గట్టిదే, నార సన్నగా ఉంటుంది, మెషిన్ కోత కాబట్టి గాడి ఫర్వాలేదు. దీని బలహీనత తేమ. ఇంకో సంగతి: కంపెనీలు పై భాగానికి పూత వేసి లోపలి గాడిని, మడమ రబ్బరు కింది అడ్డకోతను వదిలేయడం మామూలే. తేమ ఎక్కేది ఆ దారినే. రబ్బరు విప్పి, లోపల పలచగా రెండు పూతలు నూనో, వార్నిషో వేస్తే పని అయిపోతుంది. ఖర్చు నూటయాభై రూపాయలు. కొత్త కట్టె చేయించే ముందు ఇది చేసి ఒక వానాకాలం చూడండి. సగం మందికి ఇక్కడితో సరిపోతుంది.

*టేకు, మన దగ్గర చేయించేది.* దీని గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే కట్టె మన గుమ్మం ముందే ఉంది. ఆలపల్లి అడవి టేకు పేరు దేశమంతా తెలుసు, 2023లో అయోధ్య రామమందిరం పనికి టేకు పంపింది బల్లార్షా నుంచే. అడవి శాఖ డిపోలో రసీదుతో కొన్న కట్టెకు ఇబ్బంది లేదు. రాత్రిపూట ప్రాణహిత దాటి వచ్చే 'చౌక టేకు' మాత్రం వద్దు. అది దొంగమాలు, పైగా పచ్చిది. రెండు రకాలుగా నష్టం.

నిజానికి అన్నిటికంటే మంచి టేకు డిపోలో కాదు, కూల్చిన పాత ఇళ్ళలో దొరుకుతుంది. ద్వారబంధాలు, దూలాలు. యాభై అరవై ఏళ్ళు ఎండా వానా చూసిన చేవ. మేకుల రంధ్రాలుంటాయి, వాటిని మడమ వైపు పడేట్టు మూస తిప్పుకుంటే చాలు.

టేకుతో మూడు చిక్కులున్నాయి. ఒకటి, నార వెంబడి సులువుగా చీలుతుంది. గాడి అంచులు పలచగా ఉంచితే చెక్క లేస్తుంది. రెండు, కట్టెలో సహజంగా నూనె ఉంటుంది, ఎపాక్సీ జిగురు సరిగా అంటదు. అంటించే ముందు అసిటోన్‌తో తుడిచి వెంటనే పని చేయాలి. మూడు, టేకులో ఇసుక లాంటి సిలికా ఉంటుంది కాబట్టి ఉలి మొన తొందరగా పోతుంది, సాన పట్టడానికే రోజులో గంట పోతుంది. వడ్లాయన కూలి ఎక్కువ అడిగితే అందులో అన్యాయం లేదు.

*అక్రోటు.* ప్రపంచమంతా రైఫిల్ కట్టె అంటే ఇదే. బరువుకు తగ్గ బలం, కుదుపును తట్టుకునే సాగుడు, ఉలి కింద వెన్నలా తెగే గుణం. సన్నని గళ్ళ నగిషీ, అంగుళానికి ఇరవై గీతలు చెక్కినా మొనలు రాలవు. టేకులో అది కుదరదు. మన దేశంలో ఇది కాశ్మీరుది. చెట్టును ఇష్టమొచ్చినట్టు కొట్టకుండా అక్కడ 1969లోనే చట్టం చేశారు. అందుకే మంచి పలక అరుదు, ధర ఎక్కువ. ఆ ధరలో పెద్ద వాటా వేరు దగ్గర వచ్చే మెలికల గీతలకు పోతుంది. ఆ మెలికలు గురికి ఏ సాయమూ చేయవు. పైగా నార తిన్నగా ఉండాల్సిన మెడ దగ్గర మెలికలు పడితే, ఎక్కువ డబ్బిచ్చి తక్కువ బలం కొన్నట్టు. అక్రోటే కావాలనుకుంటే గీతల్లేని సాదా పలక అడగండి. అమ్మేవాడు మిమ్మల్ని వింతగా చూస్తాడు, చూడనివ్వండి.

*లామినేట్.* పలచటి చెక్క పొరలు, చాలావరకు బర్చ్, ఒకదానిమీద ఒకటి జిగురుతో నొక్కి చేసిన దిమ్మ. ఒక పొర ఒకవైపు లాగితే పక్క పొర ఆపుతుంది, కాబట్టి వంకర పోదు. వానకు, ఎండకు ఇది రాయిలా ఉంటుంది. బరువెక్కువ, అంతే. రంగురంగుల గీతలు కొందరికి నచ్చవు. మా ఇంట్లో మా ఆవిడ దాన్ని చూసి "ప్లైవుడ్ కదా ఇది" అంది. తప్పేం కాదు, ప్లైవుడ్ పెద్దన్నే.

*అల్యూమినియం.* పెద్ద పోటీల్లో వాల్తర్, ఫైన్‌వెర్క్‌బౌ లాంటి కంపెనీల రైఫిళ్ళ మీద చూస్తాం. మడమ, చెంప, గ్రిప్ అన్నీ అలెన్ కీతో జరుపుకోవచ్చు. కట్టెకున్న తేమ బాధలు దీనికి లేవు. ఎదిగే పిల్లలకు ఇంతకంటే సరైనది లేదు, ధర తప్ప. మొత్తం రైఫిల్‌తో కలిపి రెండు లక్షలు దాటుతుంది. ఇంకో చిక్కు: జరుపుకునే చోట్లు ఎన్ని ఉంటే చెడగొట్టుకునే చోట్లు అన్ని. కోచ్ సరిచేశాక ప్రతి కొలతా పుస్తకంలో రాసి, సీల్ వేసినట్టు వదిలేయండి.

*ప్లాస్టిక్.* తేలిక, చవక, వానకు జంకదు. పలచటి రకాలు నొక్కితే వంగుతాయి, లోపల డొల్ల చప్పుడు. తోటలో డబ్బాలు కొట్టుకోవడానికి బాగుంటుంది.

జిట్రేగి గురించి కూడా అడుగుతారు. జిట్రేగి అందానికి తిరుగులేదు గానీ ఒక లీటరు కట్టె 800 గ్రాములు దాటి తూగుతుంది, టేకు 650 దగ్గర ఆగుతుంది. పిల్లలకు వద్దు. మామిడి కట్టెతో మాత్రం ఎవరెంత చవకగా చేస్తానన్నా వినకండి, పురుగు పడుతుంది.

| రకం | ఎండా వానలకు | బరువు | ఒంటికి సరిచేయడం | మీ డబ్బు దేనికి పోతుంది |
|---|---|---|---|---|
| కంపెనీ బీచ్ | లోపల పూత లేకపోతే కష్టం | మధ్యస్థం | కష్టం, మడమ ముక్కలతో కొంత | రైఫిల్ ధరలోనే ఉంటుంది |
| టేకు, చేతిపని | ఆరితే చాలా మంచిది | మధ్యస్థం | చేసేటప్పుడే పూర్తిగా | కూలికి |
| అక్రోటు, చేతిపని | మంచిది | మధ్యస్థం | చేసేటప్పుడే పూర్తిగా | పలకకు, నగిషీకి |
| లామినేట్ | గట్టిది | ఎక్కువ | మోడల్‌ను బట్టి | దిమ్మకు, మెషిన్ పనికి |
| అల్యూమినియం | తేమ బాధ లేదు | మోడల్‌ను బట్టి | ఎప్పుడైనా, ఎన్నిసార్లైనా | సర్దుబాటు భాగాలకు |
| ప్లాస్టిక్ | బాధ లేదు | తక్కువ | లేదు | దాదాపు ఏమీ లేదు |

నా రెండు బిల్లులు

పట్టికలో 'కూలికి' అని ఒక్క మాటలో రాశాను గానీ, అసలు సంగతి అక్కడే ఉంది.

పలక కొలత 32 అంగుళాల పొడవు, 7 వెడల్పు, 2.25 మందం. లెక్క కడితే 504 ఘనపు అంగుళాలు, అంటే ఒక ఘనపు అడుగులో మూడో వంతుకు కాస్త తక్కువ. మొదటిసారి కట్టెకు 1,200, నాలుగు రోజుల కూలి 3,600, పాలిష్ 400. మొత్తం 5,200. గాడిని ఆ వడ్రంగి కుర్రాడు ఒక్క పూటలో తవ్వేశాడు. పాలిష్‌కు రోజున్నర తీసుకున్నాడు. అప్పుడే అనుమానం రావాల్సింది.

రెండోసారి రాజురా వైపు ఒక ముసలాయన దగ్గరికి వెళ్ళాను. పాత కట్టె చేతిలో తిప్పి చూసి, మెడ దగ్గర వెంట్రుక లాంటి పగులును గోటితో గీరాడు. "పచ్చి కట్టెకు పట్టుచీర కట్టినావు బిడ్డా" అన్నాడు. తన కొట్టం వెనక నుంచి పాత ఇంటి ద్వారబంధం నిలువు ఒకటి తెచ్చి ఆరువందలు తీసుకున్నాడు. కూలి మాత్రం రోజుకు 900, పన్నెండు రోజులు. గాడికి నాలుగు, బయటి ఆకారానికి మూడు, మా అమ్మాయిని నిలబెట్టి సరిచేయడానికి రెండు, నూనె పూతలకు మూడు. ఎపాక్సీ, ఇత్తడి గొట్టం, నూనె, స్క్రూలకు 1,500. మొత్తం 12,900.

ఇందులో కట్టెకు పోయింది నూటికి ఐదు రూపాయలు కూడా లేదు. కూలికి 84 దాకా పోయింది. రెండు బిల్లుల మధ్య 7,700 తేడాకు నేను కొన్నది ఏమిటంటే నాలుగు రోజుల మసి పని, రెండు రోజుల ఓపిక. చూడ్డానికి మొదటి కట్టే బాగుంటుంది, ఇప్పటికీ చుట్టాలు అదే చూపించమంటారు.

ఆ ఇత్తడి గొట్టం గురించి చెప్పాలి. స్క్రూ దూరే రంధ్రంలో సరిగ్గా కట్టె మందానికి కోసిన గొట్టం ముక్క దించి ఎపాక్సీతో నిలిపారు. ఇప్పుడు స్క్రూ బిగువంతా గొట్టం మీద పడుతుంది. కట్టె కాస్త కుంచించినా బిగువు పోదు. ఎలాంటి కట్టెకైనా, కంపెనీ బీచ్‌కు కూడా, ఇది చేయించుకోవచ్చు. గొట్టం, ఎపాక్సీ, సగం రోజు కూలి, అంతే ఖర్చు. పాతకాలం వాళ్ళకు కూడా ఇలాంటి ఉపాయాలుండేవి. బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీ లీ ఎన్‌ఫీల్డ్ సైనిక రైఫిళ్ళలో ముందు కట్టె చీలకుండా అడ్డంగా ఒక స్క్రూ ఉంటుంది, దానికి ఇషాపూర్ స్క్రూ అనే పేరే పడిపోయింది.

గళ్ళ నగిషీ కావాలా అని ఆయన అడిగాడు, ఇంకో నాలుగు రోజులన్నాడు. వద్దన్నాను. గ్రిప్ దగ్గర చేయి జారకుండా ఉలి మొనతో దగ్గరదగ్గరగా చుక్కలు పొడిచాడు, గంటన్నర పని.

నూనె అంటే కాచిన అవిసె నూనె. టేకు మీద మెల్లగా ఆరుతుంది, పూతకూ పూతకూ మధ్య రోజు ఆగాలి. ఒక జాగ్రత్త: ఆ నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేయకండి. అది ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలో ఆ వేడి ఎటూ పోలేక దానంతటదే అంటుకుంటుంది. మన ఎండలకు ఇంకా ప్రమాదం. విప్పి, బయట తీగ మీద ఒక్కొక్కటిగా ఆరేయండి, లేకపోతే నీళ్ళ బకెట్‌లో వేయండి.

మీరు ఎవరు అన్నదాన్ని బట్టి

పిల్ల మొదటి ఏడాదిలో ఉంటే ఏమీ చేయించకండి. క్లబ్బు రైఫిల్‌తో కొట్టనివ్వండి. సొంతదే ఉంటే కంపెనీ కట్టె లోపల నూనె పూయించి, ఇత్తడి గొట్టాలు వేయించి, మడమ వెనక రబ్బరు ముక్కలు చేరుస్తూ పోండి. ఆ డబ్బు పెల్లెట్లకు పనికొస్తుంది. మనసు ఆగని తండ్రులు చాలామందిని చూశాను, నేనూ ఒకణ్ణే.

పిల్ల రాష్ట్ర పోటీ దాకా వెళ్ళింది, పుణె బాలేవాడి రేంజ్ చూసొచ్చింది, ఇంకా ఎత్తు పెరుగుతోంది. అప్పుడు వాడేసిన లామినేట్ లేదా అల్యూమినియం రైఫిల్ వెతకండి. కొత్తది కానక్కర్లేదు. సర్దుబాటు స్క్రూలు అరిగిపోలేదని, సిలిండర్ గడువు దాటలేదని చూసుకుంటే చాలు. దీనికి డబ్బు చాలకపోతే ఒక్క ఏడాది ఆగడం, చవక చేతిపని కట్టె చేయించడం కంటే నయం.

ఎడమచేతి వాటం వాళ్ళకు నా సలహా వేరు. కంపెనీల ఎడమచేతి కట్టెలు తక్కువ, దొరికినా ఆర్డరిచ్చి నెలలు ఆగాలి. కుడిచేతి వాళ్ళకు చెక్కిన చెంపలో ఎడమ చెంప పెట్టి కొట్టే పిల్ల మెడ వంకర పెట్టడం నేర్చుకుంటుంది, ఆ అలవాటు తర్వాత పోదు. మా అమ్మాయిది ఎడమ చేయే, ఈ పురాణమంతా అందుకే. వీళ్ళకు మాత్రం ఎదిగే వయసులోనైనా చేతిపని టేకు సరైనది. కాకపోతే మడమను కావాలనే అంగుళంన్నర పొట్టిగా కోయించి, అదే కట్టె ముక్కలు మూడు అర అంగుళం చొప్పున చేయించి దాచుకోండి. పిల్ల ఎదిగిన కొద్దీ ఒక్కోటి చేర్చొచ్చు. మేం ఇప్పటికి రెండు చేర్చాం.

ఇరవై దాటి ఒళ్ళు కుదురుకున్నవాళ్ళు, పాత స్ప్రింగ్ రైఫిల్ మీద ప్రేమ పోనివాళ్ళు అక్రోటు చేయించుకోండి, హాయిగా. పన్నెండేళ్ళు వాడతారు. గీతల్లేని పలక, నగిషీ కావాలంటే నగిషీ.

పగిలిన కట్టెను పారేయాలనుకునేవాళ్ళు ఒక్క నిమిషం ఆగండి. పగులు మెడలో నార వెంబడి పోయి, రెండు ముక్కలూ సందు లేకుండా అతుక్కుంటే అతికించొచ్చు. అసిటోన్, ఎపాక్సీ, లోపల సన్నని ఇత్తడి చువ్వ. కొత్త కట్టెలో పదో వంతు ఖర్చు. నార అడ్డంగా తెగి రాలిపోయి ఉంటే మాత్రం ఆశ వదులుకోండి.

వడ్రంగి దగ్గర

ధర అడిగే ముందు "గాడికి ఎన్ని రోజులు పడుతుంది?" అని అడగండి. ఒక్క రోజులో అంటే దండం పెట్టి వచ్చేయండి. తర్వాత, మనిషిని తీసుకురాకుండా ఫోన్‌లో కొలతలు పంపమంటున్నాడా చూడండి. రైఫిల్ కట్టె ముందెప్పుడూ చేయకపోయినా ఫర్వాలేదు, వీణ గానీ నాగలి గానీ చేసినవాడికి నార తెలుసు. మా ముసలాయన అంతకుముందు చేసిన రైఫిల్ కట్టెలు సున్నా. ఎయిర్ రైఫిల్‌ను విప్పి లోహపు భాగం మాత్రమే ఇవ్వండి, స్ప్రింగ్ లాగి ఉన్న రైఫిల్‌ను ఎవరి చేతికీ ఇవ్వకండి. పూత వేసే ముందు మీరే వెళ్ళి గాడి చూడండి. పూత పడ్డాక అన్ని కట్టెలూ అందంగానే ఉంటాయి.

కట్టె ఇంటికి వచ్చాక మొదటి ఏడాది నెలకోసారి స్క్రూలు చూసుకోవాలి, తేదీ రాసుకోవాలి. మా రెండో కట్టె మడమ లోపల, రబ్బరు కింద, ముసలాయన పెన్సిల్ రాత ఇంకా ఉంది: బరువు, తేదీ, బరువు, తేదీ, ఐదు వరసలు. దాని పక్కనే పాత ద్వారబంధం మేకు రంధ్రం. పూడుస్తానంటే మా అమ్మాయే వద్దంది.

మొన్న మేలో, నలభై ఆరు డిగ్రీల రోజున, మళ్ళీ ఆ స్క్రూ మీద వేలు పెట్టాను. కదల్లేదు. స్క్రూడ్రైవర్ పెట్టి చూస్తే పావు చుట్టు తిరిగింది. బిగించి పుస్తకంలో రాశాం.